పాతకారు మేని పరీక్ష

పాతకార్ల అమ్మకపు ప్రకటనలను వరుసగా ఒక పదింటిని చదివినచో, ఈ దేశమున కార్లు నడుపువారందఱును వైద్యులో, పదవీవిరమణ చేసిన బ్యాంకు మేనేజర్లో, వారమునకొకమారు గుడికి పోయివచ్చు గృహిణులో అయియుందురని తోచును. "డాక్టరుగారి బండి", "సింగిల్ ఓనర్", "నాన్ యాక్సిడెంటల్", "షోరూమ్ పెయింట్" అను నాలుగు బిరుదములలో రెండయినను ధరింపని వాహనము సంతలో కానరాదు. మొదటి రెండింటి నిజానిజములను ఆర్.సి. పుస్తకము చూచి కొంతవఱకు తేల్చుకొనవచ్చును. కడపటి రెండును కాగితమున కెక్కని సంగతులు. వానిని గూర్చి ఆ వాహనపు మేను తప్ప వేఱొక సాక్షి తఱచుగా దొరకదు. ఆ సాక్షిచేత నిజము పలికించు పద్ధతులెవ్వి, వానిలో దేనికెంత విలువ యీయవచ్చును, ఎక్కడెక్కడ అవి కొనువానిని తప్పుదారి పట్టించును అనునదియే ఈ సమీక్షకు విషయము.

1970లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి అకెర్లాఫ్ పాతకార్ల సంతనే ఉదాహరణముగా గైకొని, అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియనిచోట వ్యాపారమేగతి పట్టునో ఒక చిన్న వ్యాసమున నిరూపించెను. మంచి బండికిని చెడ్డ బండికిని భేదమెఱుగని కొనుగోలుదారు రెండింటికి నడుమనున్న వెల మాత్రమే యిచ్చుటకు సిద్ధపడును. ఆ వెల గిట్టక మంచి బండ్ల యజమానులు సంతనుండి తొలగుదురు. మిగిలినవానిలో చెడ్డవానిపాలు పెరుగును. దానితో వెల మఱింత దిగజాఱును. ఈ పరిశోధనకే 2001లో ఆయనకు, మఱి ఇరువురితోపాటు, నోబెల్ బహుమానము లభించెను. సిద్ధాంతము సరియైనదే. కాని అందులోని కొనువాడు కేవలము అంధుడు; విజయవాడ ఆటోనగరులో బేరమాడువాడు అంతటి అంధుడుగా ఉండనక్కఱలేదు. ఇనుము, రంగు, రబ్బరు, గాజు అను నాలుగు పదార్థములును తమపై జరిగిన చేతిపనిని పూర్తిగా మఱుగుపఱుపలేవు. చూడవలసినచోట చూచువానికి అవి ఎంతో కొంత చెప్పును.

ముందుగా, ఏ దెబ్బను దెబ్బగా లెక్కింపవలెనో నిశ్చయించుకొనవలయును. హైదరాబాదు ఇఱుకు వీధులలో అయిదేండ్లు తిరిగిన బండికి బంపరు మూలలు గీసికొనిపోకుండుటయు, తలుపుమీద ఏ ద్విచక్రవాహనపు హ్యాండిలో తగిలి సొట్టపడకుండుటయు వింత. అట్టి సొట్టలు తీయించి రంగు వేయించుట యజమానుని శ్రద్ధకు గుర్తే కాని కపటమునకు గుర్తు కాదు. పైగా కర్మాగారమునుండి షోరూమునకు వచ్చు త్రోవలో గీసికొనిన క్రొత్త బండ్లకు స్టాక్‌యార్డులోనే రంగు పూసి అమ్ముటయు కద్దు. ఆ యజమాని "నా బండికి రంగే పడలేదు" అని ప్రమాణము చేసినను అతడు తెలిసి అబద్ధమాడినట్లు కాదు, రంగు మందమును కొలుచు పరికరము చూపు అంకెయు అసత్యము కాదు. కావున "రంగు పడినదా, లేదా" అను ప్రశ్నకంటె "ఏ భాగమునకు, ఏల పడినది" అను ప్రశ్న విలువైనది. ఈ రెండు ప్రశ్నలను కలగలుపుటవలననే కొందఱు మంచి బండ్లను వదలుకొని, మెఱుగుపెట్టిన చెడ్డ బండ్లను ఇంటికి తెచ్చుకొనుచున్నారు.

కారు మేనియందు రెండు తెగల భాగములున్నవి. బానెటు, ముందు ఫెండర్లు, తలుపులు, డిక్కీ మూత, బంపర్లు అనునవి బోల్టులతోను, క్లిప్పులతోను తగిలింపబడిన పైతొడుగులు. ఇవి చెడినప్పుడు ఊడదీసి క్రొత్తవి బిగించినచో బండి బలమునకు వచ్చు లోపము స్వల్పము. వీని వెనుకనున్న పంజరము వేఱు. ఇంజనుకు ఇరుప్రక్కల ముందుకు సాగియుండు ఛాసిస్ లెగ్గులు, వానినంటియుండు ఏప్రానులు, సస్పెన్షన్ బరువును మోయు గోపురములు, ఇంజనుగదికిని మనుష్యులు కూర్చుండు గదికిని నడిమి గోడ, పైకప్పును నిలుపు ఏ, బి, సి పిల్లర్లు, తలుపుల క్రింది గడప, నేల, పైకప్పు, డిక్కీలోని స్టెప్నీ గుంట, ఇవన్నియు రేకులను రేకులకు స్పాట్ వెల్డింగుతో అతికి ఏకఖండముగా కూర్చినవి. వెనుక చక్రముపైనుండు క్వార్టరు ప్యానెలు నడిమి జాతిది: చూచుటకు పైతొడుగే, కాని బోల్టులతో ఊడదు, కోసి అతుకవలసినదే. జపానులో వేలములకు వచ్చు పాతకార్లను మదింపు చేయువారు ఈ భేదమునే సూత్రముగా పెట్టుకొనిరి. పంజరమునకు చెందిన భాగమును మార్చినను సరిచేసినను అది మరమ్మతు చరిత్ర కల బండి యగును. అట్టిదానికి వేలపు పట్టికలో అంకెకు బదులుగా "ఆర్" అను అక్షరము పడును. తలుపో, ఫెండరో మార్చినంతమాత్రమున ఆ ముద్ర పడదు. మన సంతలో "నాన్ యాక్సిడెంటల్" అను మాటకు ఇట్టి హద్దు లేకపోవుటచేత ఆ మాటను ఎవరి ఇష్టము వచ్చినట్లు వారు వాడుకొనుచున్నారు.

పంజరమునకు ఇంత ప్రాధాన్యమేల యనగా, నేటి కారు గుద్దుకొన్నప్పుడు తాను నలిగి లోనివారిని కాపాడునట్లు నిర్మింపబడినది. ముందుభాగము క్రమముగా ముడుచుకొని ఢీకొట్టు వేగమును మ్రింగివేయవలెననియు, మనుష్యులున్న గది మాత్రము నలుగరాదనియు మెర్సిడెస్ సంస్థ ఇంజనీరు బేలా బరెన్యీ చేసిన కల్పన 1959లో ఆ సంస్థ కారులో తొలుత అమలయ్యెను. తరువాత లోకమంతటను ఆ పద్ధతియే వ్యాపించినది. మన దేశమున 2017 అక్టోబరునుండి క్రొత్త నమూనాలకును, 2019నుండి తక్కినవానికిని ముందునుండి గుద్దించి చూచు పరీక్ష విధియైనది. 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ పేర నక్షత్రముల మదింపును వచ్చినది. ఒకమారు ముడుచుకొనిన లెగ్గును గొలుసులతో లాగి నిటారు చేసినను దానికి మొదటి గుణము రాదు; రెండవమారు అది ఎప్పుడు ముడుచుకొనునో, ఎంత ముడుచుకొనునో ఏ పరీక్షయు చెప్పజాలదు. బి పిల్లరునందు పలు నమూనాలలో వాడుచున్న బోరాను ఉక్కు సామాన్యపు రేకుకంటె నాలుగైదు రెట్లు దృఢమైనది. ఆ దృఢత్వమంతయు కర్మాగారమున ఎఱ్ఱగా కాచి అచ్చులోనే చల్లార్చుటవలన వచ్చినది గాన, షెడ్డులో గ్యాస్ మంట తగిలినంతనే అది మెత్తబడును. బొలెరో, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ వంటి వాహనములకు మేని క్రింద విడిగా ఛాసిస్ ఉండును గాన వాని సంగతి కొంత వేఱు; అక్కడ మేనికంటె ఆ ఛాసిస్‌నే ముందు చూడవలెను. తక్కిన కార్లలో మేనియే ఛాసిస్.

ఇక రంగు. కర్మాగారమునందు రేకుమేనిని మొత్తముగా రసాయనములలో కడిగి, విద్యుత్తు ప్రవహించు ప్రైమరు తొట్టిలో ముంచుదురు. సుమారు 20 మైక్రానుల ఆ పొర, పిల్లర్ల గుల్లలలోనికిని, మనుష్యుని చేయి చొరని మూలలలోనికిని ప్రాకును. దానిపై సర్ఫేసరు, దానిపై రంగు, దానిపై మెఱుపునిచ్చు లాకరు. అన్నియు కలిసి సాధారణముగా 90నుండి 150 మైక్రానులలోపల ఉండును. మైక్రానన మిల్లీమీటరులో వేయవవంతు. ఈ పొరలను 140 డిగ్రీలకును అంతకు మించియు వేడిచేసి కాల్చుదురు. ఆ వేళకు బండికి తీగలు లేవు, సీట్లు లేవు, రబ్బరు లేదు. కావుననే ఆ వేడి సాధ్యము. అన్ని హంగులతో షెడ్డుకు వచ్చిన బండికి అంత వేడి తగిలించినచో ప్లాస్టిక్కు కరగిపోవును గాన, అక్కడ 60 డిగ్రీలతోనే సరిపెట్టుకొందురు; చిన్న షెడ్లలో ఎండయే కొలిమి. ఈ ఒక్క భేదమునుండియే తక్కిన భేదములన్నియు పుట్టుచున్నవి: షెడ్డు రంగు గట్టిపడుటకు వేఱు రసాయనము కావలెను, అది ఆఱులోపల ధూళి వచ్చి వ్రాలును, పొర మందమగును, కొంతకాలమునకు మూలలయందు లాకరు పొలుసులుగా ఊడును.

మందమును కొలుచు చేతిపరికరము ఇప్పుడు కొన్ని వేల రూపాయలకే దొరకుచున్నది. ఇనుప రేకుపై అయస్కాంతశక్తిచేతను, అల్యూమినియముపై సుడివిద్యుత్తుచేతను అది పనిచేయును. ప్లాస్టిక్కు బంపరుమీద సామాన్య పరికరము అంకె చూపదు. దీనిని వాడునపుడు ముందుగా పైకప్పుమీద అయిదాఱు చోట్ల కొలిచి, ఆ అంకెను ఆ బండికి మూలప్రమాణముగా పెట్టుకొనుట మంచి పద్ధతి; ఏలయన పైకప్పునకు గీతలు పడుట అరుదు, కంపెనీ కంపెనీకిని, రంగు రంగుకును సహజమైన మందము మాఱుచుండును. పైకప్పున 110 ఉండి ఎడమ తలుపున 240 ఉన్నచో ఆ తలుపునకు మఱల రంగు పడినది. 700, 1200 అని చూపినచో రంగు క్రింద పుట్టీ ఉన్నది, అనగా సొట్టను కొట్టి సరిచేయలేక పూడ్చివేసిరి. తలుపు నడుమ పుట్టీ యుండుట చిన్న సంగతి. అదే అంకె బి పిల్లరు మీదనో, గడప మీదనో, పైకప్పు అంచుననో కనబడినచో బేరము అక్కడనే ఆపవలెను. పైకప్పునకే రంగు పడియుండుట అన్నింటికంటె అనుమానింపదగినది. బండి దొరలుటయో, ఏ కొమ్మ విఱిగి పడుటయో, ఎండకు లాకరు ఊడుటయో జరిగియుండవలెను, అవి మూడును వేర్వేఱు వెలలు కల సంగతులు.

పరికరము లేనివారికి, పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతమొకటి పాతకాలపు ఉపాయము. అది మంచి రేకుపై టక్కున అంటుకొనును. పుట్టీ మందముగా ఉన్నచోట జాఱిపోవును. కాని ఇది ముతక పరీక్ష. పలుచగా పుట్టీ పూసి నేర్పుగా రుద్దినచోట అయస్కాంతము అంటుకొనును, తృప్తిపడి కొనువాడు ఇంటికి పోవును. వ్రేలి కణుపుతో తట్టి చూచుట అంతకంటె నమ్మదగినదని కొందఱు టింకరింగు మేస్త్రీలు చెప్పుదురు; మంచి రేకు ఖంగుమనును, పూడ్చినచోట గోడను కొట్టినట్లు మొద్దు ధ్వని వచ్చును. ఆ చెవి మేస్త్రీకి ఉండును. మనకు రెండు తలుపులను ఒకేచోట మార్చి మార్చి తట్టినప్పుడు మాత్రమే ఆ భేదము తెలియును.

కన్ను ఈ రెండింటికంటె తీసిపోదు, అయితే దానికి తగిన వెలుతురు కావలెను. తడిసిన బండిని, రాత్రి దీపములక్రింద నిలిపిన బండిని, అమ్మువాడు వారము క్రిందటనే పాలిషు పట్టించి సిరామిక్ కోటింగు వేయించిన బండిని చూచుట చూడకుండుటతో సమానము. ఉదయమో, సాయంకాలమో ఏటవాలుగా ఎండ పడుచున్నప్పుడు, ముందు దీపము కడ మోకాళ్ళపై కూర్చుండి, మేని పొడవునను వెనుక దీపమువఱకు చూపు సాగింపవలెను. అప్పుడు తలుపులపై పడిన కరెంటు స్తంభపు ప్రతిబింబము తలుపునుండి తలుపునకు తిన్నగా సాగునా, ఎక్కడనైనను అలలువాఱునా చూడవలెను. కర్మాగారపు రంగునందును దగ్గఱనుండి చూచిన సన్నని గరుకు కనబడును. దానిని పెయింటర్లు నారింజతొక్క యందురు. అది అంతటను ఒకేరీతిగా ఉండుట మంచి గుర్తు. ఒక తలుపున అది ముతకగను, ప్రక్క తలుపున లేకయు ఉన్నచో రెండు చేతులు పనిచేసినవని అర్థము. వెండిరంగువంటి మెటాలిక్ రంగులలో అల్యూమినియపు రేణువులుండును. అవి పడుకొను తీరు రంగు చిమ్ము తుపాకి పట్టిన చేతి దూరమును బట్టి మాఱును గాన, ఎదుట నిలిచినపుడు సరిపోయిన ఛాయ, ప్రక్కకు జరిగినంతనే తేడా చూపును. మన దేశమున ఎక్కువగా అమ్ముడుపోవు తెలుపునందు ఈ సౌకర్యము లేదు. సాదా తెలుపు ఎంతటి మరమ్మతునైనను కడుపులో పెట్టుకొనును.

రంగు వేయువాడు పూయదలచినచోటనే కాక పూయరానిచోటను కొంత పూయకుండుట దుష్కరము. అద్దము చుట్టునున్న నల్లని రబ్బరు అంచును గోటితో కొంచెము ఎత్తి చూడుడు. దాని క్రింద టేపు అంటించిన గీత, గోటికి తగులునంత మెట్టుగా ఉండును. తలుపు హ్యాండిలు వెనుక, చక్రపు గుంటలోని నల్లని పూతమీద, సైలెన్సరుమీద, తీగలమీద తుంపరలు పడియుండును. మంచి షెడ్డులో హ్యాండిళ్ళు, అద్దములు, బీడింగులు ఊడదీసి రంగు వేయుదురు గాన ఈ గుర్తులు లేకపోవుట నిర్దోషిత్వమునకు నిదర్శనము కాదు. ఉండుట మాత్రము నిస్సందేహమైన సాక్ష్యము. ఈ శాస్త్రమున ఇంచుమించు అన్ని గుర్తులకును ఇదే లక్షణము: దొరకినది దోషమును స్థాపించును, దొరకనిది శుద్ధిని స్థాపింపదు.

భాగమునకును భాగమునకును నడుమ సందులను గూర్చి అందఱును చెప్పుదురు, అందుచేత క్లుప్తముగా చెప్పెదను. ఆ సందు ఇంత యుండవలెనను నియమముకంటె, ఎడమవైపున ఎంత యున్నదో కుడివైపునను అంతే యుండుట ముఖ్యము. బానెటునకును ఫెండరునకును నడిమి సందు ముందు సన్నగిలి వెనుక వెడల్పగుట, తలుపు మూయునపుడు కొంచెము ఎత్తి నెట్టవలసివచ్చుట, డిక్కీ మూత ఒకవైపు ముందుగా తాకుట, ఇవి అనుమానమును పుట్టించును. చవుక కార్లలో క్రొత్తవానికే సందులు సమముగా ఉండవని కూడ గుర్తుంచుకొనవలెను.

సందులకంటె బోల్టులు వాచాలములు. బానెటు ఎత్తినచో ఇరుప్రక్కల ఫెండరును పట్టియుండు బోల్టుల వరుస కనబడును. మేనితోపాటు రంగు పడిన బోల్టుతలపై రంగు అఖండముగా, ఆఱు మూలలను కప్పుచు, క్రింది వాషరుతో కలిసిపోయి ఉండును. ఒకమారు పానా పడినచో ఆ మూలలయందు రంగు చిట్లి ఇనుము మెఱయును. వాషరు మొదట ఉన్న వలయమునుండి వెండ్రుకవాసి జరిగి, దాని పాత ముద్ర చంద్రరేఖగా ప్రక్కన కనబడును. తెలివైనవాడు దానిపై బ్రష్షుతో రంగు అద్దును. ఆ అద్దకములో బ్రష్షు చారలుండును. తలుపు కీళ్ళ బోల్టులకును, బానెటు కీళ్ళ బోల్టులకును ఇదే పరీక్ష. కొన్ని కంపెనీలు ఫెండర్లను రంగు తరువాత బిగించును గాన అచ్చట బోల్టులు మొదటినుండియు రంగులేనివే. కుడిఎడమలను పోల్చినచో ఆ సందియము తీఱును.

అసలు పరీక్ష ఇంతవఱకును మొదలు కాలేదు. తలుపు తెఱచి, చుట్టునున్న రబ్బరు బీడింగును పిల్లరు కడ చేతితో లాగినచో అది సులభముగా వచ్చును. తరువాత మఱల ఒత్తినచో కూర్చుండును. దీనికి అమ్మువాడు అభ్యంతరము చెప్పరాదు. చెప్పినచో కారణము విచారింపవలెను. బీడింగు క్రింది రేకు అంచున స్పాట్ వెల్డింగు గుర్తులు కానవచ్చును: చిటికెనవ్రేలి గోరంత, సుమారు అయిదాఱు మిల్లీమీటర్ల వెడల్పు కల గుండ్రని పల్లములు, ఇంచుమించు సమదూరమున, ఒకే పంక్తిలో. ఒక సామాన్య కారు పంజరములో ఇట్టివి కొన్ని వేలుండును. వానిని వేయునది యంత్రహస్తము. షెడ్డులో పిల్లరును కోసి అతికినపుడు రేకునకు రంధ్రములు చేసి సి.ఓ.2 వెల్డింగుతో పూడ్చి గ్రైండరు పట్టుదురు గాన, అక్కడ పల్లము బదులు చదునైన మచ్చయో, ఉబ్బో, గ్రైండరు చారలో ఉండును. లేదా ఆ అంచు ఏమియు లేక నున్నగా, పుట్టీతో మెత్తబడి ఉండును. ఎడమ బి పిల్లరు కడ పల్లములుండి కుడి బి పిల్లరు కడ నునుపున్నచో ఇంకొక ప్రశ్న వేయనక్కఱలేదు. స్పాట్ వెల్డింగు యంత్రమున్న పెద్ద వర్కుషాపులో పని జరిగియున్నచో ఈ గుర్తును మాయమగును. కాని అట్టిచోట పని బిల్లుతో జరుగును గాన ఆ సాక్ష్యమును కాగితములలో వెదకవచ్చును.

రేకులు కలియు అతుకులపై నీరు చొరకుండ పూయు సీలరు మఱొక చక్కని సాక్షి. కర్మాగారపు సీలరు సమమైన వెడల్పుతో, తడబాటులేని గీతగా సాగి గోటికి గట్టిగా తగులును. చేతితో పూసినది వంకరలు తిరుగును, ఒకచోట లావెక్కును, కొన్నిచోట్ల వ్రేలిముద్రలే కనబడును. చాలకాలమువఱకు మెత్తగా ఉండి గోటికి లొంగును. దీనిని బానెటు లోపలి అంచున, తలుపుల లోపలి అంచున, అన్నింటికంటె మిన్నగా స్టెప్నీ గుంటలో చూడవలెను. వెనుకనుండి గుద్దుడు తిన్న బండిని పైకి ఎంత అలంకరించినను స్టెప్నీ గుంటను అలంకరించువారు తక్కువ; అక్కడి తివాచీని ఎత్తి, చక్రమును బయటికి తీసి, క్రింది రేకున ముడుతలున్నవా, శబ్దమును అణచుటకు అంటించిన నల్లని పలకలు రెండువైపులను సమముగా ఉన్నవా, సుత్తి దెబ్బల గుర్తులున్నవా చూడవలెను. ఆ గుంటలో బురద పొడి కనబడినచో అది వేఱు రోగము. 2020లో హైదరాబాదునందును, 2024లో బుడమేరు పొంగి విజయవాడయందును మునిగిన బండ్లెన్నియో సంతకు రాకపోలేదు.

ముందువైపున ఛాసిస్ లెగ్గులను టార్చి వేసి చూచునపుడు ఒక జాగ్రత్త. గుద్దుడుకు క్రమముగా ముడుచుకొనుటకై కర్మాగారమువారే వానిపై కొన్ని నొక్కులు ఏర్పఱతురు. వానిని చూచి భయపడి మంచి బండిని వదలుకొనరాదు. రెండు లెగ్గులపైనను సరిగా ఎదురెదురుగా ఉన్న నొక్కులు జన్మతో వచ్చినవి. ఒకదానిమీదనే ఉన్నవి తరువాత వచ్చినవి. ఇక లిఫ్టుపై నెక్కించి గడప క్రింద చూడవలసినదొకటి కలదు. వంకరపోయిన పంజరమును లాగి సరిచేయు బెంచికి బండిని బిగించునపుడు, గడప క్రిందనున్న సన్నని రేకు అంచును పండ్లు కల ఇనుప పట్టులతో కఱపించుదురు. ఆ పండ్లగాట్లు నాలుగు స్థలములలో, వరుసగా, నల్లని పూత క్రిందను తడిమిన తెలియును. జాకీ పెట్టిన సొట్టలు ఇట్లుండవు. అవి వెడల్పుగా, ఒంటరిగా ఉండును. రంగు, పుట్టీ, పాలిషు ఎంత ఘనముగా చేయించినవాడును ఈ గాట్లను సామాన్యముగా పట్టించుకొనడు, ఏలయన కొనువాడు అంత క్రిందికి వంగునని అతడు తలపడు.

తక్కిన గుర్తులను త్వరగా చెప్పి ముగింపవచ్చును. ప్రతి అద్దపు మూలయందును తయారైన సంవత్సరమును సూచించు అంకెయు, చుక్కలును ఉండును. అన్ని అద్దములును ఒక యేటివై, ఒకటి మాత్రము తరువాతి దగుట దాని ప్రక్కనున్న పిల్లరును శ్రద్ధగా చూడుమని చెప్పును. ముందు అద్దము రాయి తగిలియు పగులును గాన అదొక్కటే మాఱుట పెద్ద సంగతి కాదు. హెడ్‌లైట్లలో ఒకటి మసకబారి మఱొకటి తళతళలాడుట, సీటుబెల్టు చివరనున్న చీటీపై తేదీ బండి తేదీకి తరువాతిదగుట, బెల్టు సగములో చిక్కుకొనుట కూడ ఈ కోవలోనివే. ఎయిర్‌బ్యాగు దీపము తాళము త్రిప్పినంతనే వెలిగి, కొన్ని క్షణములకు ఆఱిపోవలెను; అసలే వెలుగకున్నచో బల్బు తీసివేసిరనియు, ఆయిలు దీపముతో కలిసి ఆఱుచున్నచో రెండింటి తీగలను ఒకటి చేసిరనియు అనుమానింపవలెను. పేలిన ఎయిర్‌బ్యాగును క్రొత్తది పెట్టించుటకు వ్యయమధికము గాన, వట్టి మూత బిగించి అమ్మెడి దుర్మార్గమును జరుగుచున్నది. ఈ వ్యాసమున చెప్పిన మోసములన్నింటిలోను ప్రాణముతో నేరుగా చెలగాటమాడునది ఇదియే.

కాగితముల సాక్ష్యము మేని సాక్ష్యమునకు తోడుగా నిలుచునే కాని దానికి బదులు నిలువదు. బీమా పాలసీపై నో క్లెయిమ్ బోనసు 50 శాతమున్నచో అయిదేండ్లుగా క్లెయిము లేదని సామాన్యార్థము. కాని ఆ బోనసు యజమానునిది, బండిది కాదు. వెనుకటి కారుమీద సంపాదించినదానిని ఈ కారుకు తెచ్చుకొనియుండవచ్చును, లేదా బోనసు పోవునను భయముచేత దెబ్బను స్వంత డబ్బుతోనే బాగు చేయించియుండవచ్చును. మరమ్మతు వ్యయము బీమా విలువలో 75 శాతమును మించినచో ఆ బండిని పూర్తిగా నష్టపోయినదిగా పరిగణించి సొమ్ము చెల్లించుట బీమా మర్యాద. ఆ శిథిలమును వేలములో కొన్నవాడు దానిని తుక్కునకే వాడునను నమ్మకము లేదు. కొందఱు దానిని బాగుచేసి అమ్ముదురు. కొందఱు దాని ఆర్.సి.ని, ఛాసిస్ నంబరున్న రేకుముక్కను మాత్రము ఉంచుకొని, దొంగిలించిన అదేరకపు బండికి ఆ ముక్కను అతుకుదురు. కావున నంబరు చుట్టునున్న రేకును కూడ, అతుకు ఉన్నదేమోయని వ్రేలితో తడిమి చూడవలెను. బీమా క్లెయిముల సమాచారమును సేకరించు ఇన్స్యూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో మన హైదరాబాదులోనే ఉన్నది; బీమా సంస్థలకు ఉపకరించుచున్న ఆ సమాచారమే, నంబరు చెప్పి అడిగిన కొనుగోలుదారునకును అందినచో ఈ వ్యాసములో సగము అనవసరమయ్యెడిది. 2023 ఏప్రిలునుండి పాతవాహనముల వ్యాపారులు రవాణాశాఖ అధికారపత్రము పొందవలెనను నియమము వచ్చినది. అది యాజమాన్యమును గూర్చిన చిక్కులను తీర్చుటకు వచ్చినదే కాని పిల్లరు అతుకులను గూర్చి వచ్చినది కాదు.

ఈ పరీక్షలను గూర్చి రెండు పక్షములున్నవి. పరికరపక్షము వారు వందల అంశముల పట్టిక ముద్రించి, ప్రతి అంశమునకు ఎదుట పచ్చని టిక్కు పెట్టి ఇత్తురు. మేస్త్రీపక్షము వారు ఆ పట్టికను చూచి నవ్వి, బానెటు ఎత్తి, బీడింగు లాగి, క్రిందికి వంగి, తీర్పు చెప్పుదురు. పట్టికలో తలుపు గీతకును, ఛాసిస్ లెగ్గునకును ఒక్కొక్క గడియే యుండుట దాని ప్రధానదోషము. నూట తొంబది పచ్చని గుర్తుల నడుమ ఆ ఒక్క ఎఱ్ఱగుర్తు కనబడక పోవును. మేస్త్రీ తీర్పునకు దోషము వేఱు: అతడు ఎవరి పక్షమున వచ్చెనో తెలియవలెను. అమ్మువాడు చూపిన మేస్త్రీకంటె అంకె చూపు పరికరమే మేలు. కొనువాడు స్వయముగా కూలి యిచ్చి పిలుచుకొనిపోయిన టింకరింగు మేస్త్రీకంటె మేలైన పరికరము నాకు తెలియదు. ఇంజను మెకానిక్కును పిలుచుకొనిపోయి మేనిని కూడ అతనిచేతనే చూపించుట సర్వసాధారణమైన పొరపాటు. ఇంజను చెవితో చూచువానికి రేకు కనబడదు.

దోషము బయటపడిన పిమ్మట చేయవలసినది దోషమును బట్టి ఉండును. ఫెండరు, బానెటు మార్చినారని తేలినచో దానిని చెప్పి వెల తగ్గింప నడుగవచ్చును. పని చక్కగా జరిగియున్నచో తగ్గింపు కూడ స్వల్పముగానే ఉండుట న్యాయము. క్వార్టరు ప్యానెలు అతికియున్నచో లోపలి అతుకులకు త్రుప్పు పట్టినదేమో చూచి నిర్ణయింపవలెను, ఏలయన షెడ్డు ప్రైమరు గుల్లలలోనికి చేరదు. లెగ్గులు, పిల్లర్లు, గడప, పైకప్పు అంచు, వీనిలో ఏది మాఱినను వెల ఎంత తగ్గినను తీసికొనరాదని నా అభిప్రాయము. ఊరిలో తిరుగుటకే కదా యని వాదించు మిత్రులున్నారు, కాని ఊరి బండి ఒకనాడు రహదారి యెక్కకపోదు.

చట్టము కొనువానికి ఎంతవఱకు తోడగునో కూడ తెలిసియుండుట మంచిది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము, కొన్ని మినహాయింపులతో, వస్తువు నాణ్యమును చూచుకొను భారమును కొనువానిపైననే ఉంచినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టమున 17వ సెక్షను క్రింద ఉదాహరణములుగా గుఱ్ఱపు బేరములున్నవి: జబ్బుగల గుఱ్ఱమును వేలములో అమ్మువాడు జబ్బును గూర్చి ఊరకుండినంతమాత్రమున అది మోసము కాదు, కాని కొనువాడు "నీవు కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగా ఉన్నదనియే భావింతును" అని యడిగినపుడు అమ్మువాడు మౌనము వహించినచో ఆ మౌనమే పలుకుతో సమానము. 19వ సెక్షను ఇంకొక మెలిక పెట్టినది: మౌనముచేతనో, తెలియక చెప్పిన తప్పుమాటచేతనో జరిగిన బేరమును, సామాన్య శ్రద్ధతో నిజము కనుగొన వీలున్న కొనుగోలుదారు రద్దుచేసికొనలేడు. తెలిసి చెప్పిన అబద్ధమునకు మాత్రము ఈ రక్షణ లేదు. కావున బయానా ఇచ్చుటకు ముందు ప్రశ్నను నోటితో అడిగి, సమాధానమును అమ్మకపు పత్రములో వ్రాయించుకొనవలెను. "నాన్ యాక్సిడెంటల్" అని వ్రాయించుకొన్నచో దానికి ఎవరి అర్థము వారు చెప్పుకొందురు గాన, "ఈ వాహనపు ఛాసిస్ లెగ్గులు, ఏప్రానులు, పిల్లర్లు, నేల, పైకప్పు మార్చబడలేదు, కోసి అతుకబడలేదు" అని భాగముల పేర్లతో వ్రాయించి సంతకము పెట్టించుకొనుట మేలు. ఆ పంక్తి కడకు వచ్చునప్పటికి "ఎందుకు సార్, అదంతా ఫార్మాలిటీ" అని కలము క్రింద పెట్టినవాని బండిని, అంతవఱకు ఎంత నచ్చియున్నను, మఱల లిఫ్టుమీది కెక్కింపవలెను.